వేయించిన మట్టి

పెందుర్తి
27 అక్టోబరు 2024

చెల్లెలు చిట్టమ్మకు అప్ప అసిరమ్మ చెబుతుండగా పక్కింటి నారాయణమ్మ రాస్తున్నది.

ఇక్కడ నా ఒళ్ళు బాగానే ఉంది, కడుపు మండుతోంది. అక్కడ నీ సంగతి అడగను. నీ వైభవం అడగకుండానే నా చెవిలో పడుతోంది.

ఫోను చెయ్యొచ్చు కదా అని నారాయణమ్మ అంది. నీ చెవులు మందగించాక నేను ఒకటంటే నువ్వు ఇంకొకటి విని నవ్వుతావు. నేను తిట్టేటప్పుడు నువ్వు నవ్వితే నాకు బీపీ లేస్తుంది. పైగా ఫోనులో తిట్టింది గాలికి పోతుంది, కాగితం మీద తిట్టింది నిలుస్తుంది. నారాయణమ్మ బాలబడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి. నా మాటలను పుస్తకం తెలుగులోకి తిప్పి రాస్తానంటోంది. తిప్పనీ. మంట తగ్గకపోతే చాలు.

ఇక నా వాదన విను. నాన్న మనిద్దరికీ పసుపు కుంకుమ కింద చెరొక చెక్క భూమి ఇచ్చాడు. నాకు గెడ్డ వాగుకు ఎగువన ఇక్కడ, నీకు దిగువన, స్టీలు ప్లాంటు గొట్టాలు కనబడే మీ ఊళ్ళో. హుద్‌హుద్ తుఫానుకు, మూతపడిన బ్యాటరీల కంపెనీ మురుగు చెరువుగట్టు తెగి, ఆ సీసం బురదంతా గెడ్డలో పడి మన రెండు చేలనూ ముంచింది. ఆ తర్వాత నా మినుమూ పసుపే, నీ మినుమూ పసుపే. ఒకే ఇంట్లో అమ్మవారు పోసిన ఇద్దరు పిల్లల్లా పడి ఉండేవి. అంతవరకూ నాకు నీ మీద ఏ కోపమూ లేదు.

మొన్న యారాడ నుంచి చేపలు తెచ్చే గంగాలమ్మ గంప దించీ దించకుండానే ఏమందో తెలుసా? "ఏటప్పా, మీ సెల్లి సేను సూసినావా? మినుము నల్లగా ఎక్కిపోనాది. పాము దూరితే కనపడదు. మరి నీ సేనేటి, నలుగెట్టిన పెళ్ళికూతురిలాగ పసుపుపచ్చగా కూకుంది?" అంది. నేను చేపలు కొనకుండా పంపేశాను.

రెండో సంగతి దీనికన్నా పెద్దది. నా కూతురి కూతురు హేమశ్రీ యూనివర్సిటీలో మట్టి గురించి చదువుతోంది. మధురవాడలో గది తీసుకుని ఉంటున్నా ఆదివారమయ్యేసరికి నా దగ్గరికి వచ్చేది, నా చేతి పులుసు తినేది. ఇప్పుడు ఆదివారాలన్నీ నీ చేలోనే. సంచుల్లో నీ మట్టి నింపుకుని పోతోందట. నా పులుసు కంటే నీ మట్టి రుచిగా ఉందా?

మూడోది. నా కొడుకు దొరబాబు సంగతి నీకు తెలిసిందే. పోర్టు కంటైనర్లు నిలబెట్టుకునే యార్డుకు నా చేను లీజుకిద్దామని ఏడాదిగా చెవిలో జోరీగలా తిరుగుతున్నాడు. పౌరుషం కొద్దీ నలుగురి ముందూ మాటిచ్చాను, ఈసారి మినుము కూడా రాకపోతే వేలిముద్ర వేసేస్తానని. వేశానంటే నాన్న దున్నిన నేల మీద గ్రావెల్ తోలి సిమెంటు పోస్తారు.

కనుక నువ్వు ఏ మందు వేశావో చెప్పు. మందు కాకుండా ఇంకెవరిచేతనైనా ఇంకేదైనా చేయించి నా చేలో సారాన్ని నీ చేలోకి లాక్కుని ఉంటే అదీ చెప్పు.

నీ క్షేమం కోరుతూ అని రాయాలట. నారాయణమ్మ కోరుతోంది.

అసిరమ్మ వేలిముద్ర


5 నవంబరు 2024

అప్పకు చిట్టమ్మ దండాలు.

నీ ఉత్తరం చదివించుకుని విన్నాను. ఈసారి ఒక్క ముక్క కూడా తప్పుగా వినలేదు. నవ్వాను గాని, అది వేరే.

నేను ఏ మందూ వేయలేదు. మోకాళ్ళు పట్టేసిన దగ్గర్నుంచి మందుల కొట్టు దాకా నడవడమే మానేశాను. చిల్లంగీ చేతబడీ చేసే మనుషులు మన వైపు ఇప్పుడెక్కడున్నారు? ఉన్నవాళ్ళంతా సెల్‌ఫోను కొట్లు పెట్టుకున్నారు.

నీకు కొడుకున్నాడు, కూతురుంది, మనవరాలుంది. దేవుడు నాకు చేను ఒక్కటే ఇచ్చాడు. ఆ పిల్ల ఆదివారం పూట నా గడప తొక్కి, మోకాళ్ళ మీద కూర్చుని నా మట్టిని ముద్దుగా గిల్లుతుంటే నీకేం తరుగుతోంది? నీ పులుసు గిన్నె అడుగంటిపోయిందా?

హేమ చెప్పేది నాకు సగమే తలకెక్కింది. మినుము వేళ్ళకు బుడిపెలుంటాయి కదా, వాటిలో కంటికి కనబడనివేవో కాపురముంటాయట. నా చేలో ఉన్నవి సీసాన్ని తట్టుకున్నవట. మొక్కకు తిండి పెడతాయట, సీసాన్ని పైకి ఎక్కనివ్వకుండా వేరు దగ్గరే పట్టి ఉంచుతాయట. నీ చేలో అవి లేవేమోనని దాని అనుమానం. నువ్వు సరేనంటే నా మినుము సాలులోంచి ఒక గంప మట్టి తీసి పంపుతాను. విత్తే ముందు నీ చేలో కలుపుకో.

ఇస్తానంటే కోపగించుకోకు. నువ్వు అడగవని తెలిసే నేనే ముందు అంటున్నాను.

నీ చెల్లెలు,
చిట్టమ్మ


పెందుర్తి
14 నవంబరు 2024

చిట్టమ్మకు,

నీ ఉత్తరం నారాయణమ్మ విప్పీ విప్పగానే కళ్ళజోడు సర్దుకుని, "ఓలమ్మా, ఇది మన హేమ దస్తూరీ కాదేటి! నాను దిద్దించిన చెయ్యి నాకు తెల్దా" అంది. నా గుండెలో కత్తి దిగినట్టయింది.

నా మనవరాలి చేత నాకే ఉత్తరం రాయిస్తావా? అంటే నేను నిన్ను తిట్టినవన్నీ అదే నీకు చదివి వినిపించిందన్నమాట. పులుసు గిన్నె అడుగంటిందా అన్న మాట కూడా దాని చేతులే రాశాయన్నమాట. రాసేటప్పుడు ఇద్దరూ కలిసి నవ్వుకుని ఉంటారు. దానికి జ్వరం వస్తే కింగ్ జార్జి ఆసుపత్రి వరండాలో పడుకున్నదెవరు? నువ్వా, నేనా? కని పెంచే బాధ లేకుండా తయారైన మనవరాలు దొరికింది నీకు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

(ఇక్కడ అసిరమ్మ అన్న రెండు మాటలు నేను రాయలేదు. హేమ చదువుతుంది కదా అని. - నారాయణమ్మ)

ఇంకో మాట. మినుము కోసేటప్పుడు నువ్వు కొడవలితో పైపైన కోసి, మోళ్ళు, వేళ్ళు చేలోనే వదిలేస్తావట. గంగాలమ్మ చెప్పింది. సిగ్గనిపించదా? మన అమ్మ మొక్కను వేరుతో సహా పీకి, మట్టి దులిపి, కల్లానికి చేర్చి, కాయ రాల్చాక ఆ వేళ్ళను ఒక్కటీ మిగలకుండా తగలబెట్టేది. నేనూ అంతే. పంట అయ్యాక నా చేను అలికిన ముంగిలిలా ఉంటుంది. ఇంత శుభ్రం చేసుకునే నాకు పసుపుపచ్చ, నీ బద్ధకానికి ఆకుపచ్చానా? ఇదేం న్యాయం?

నువ్వు జాలిపడి ఇచ్చే మట్టి నాకక్కర్లేదు.

పంపు. నాన్న చేను కోసం తీసుకుంటున్నాను, నీ కోసం కాదు.

అసిరమ్మ


22 నవంబరు 2024

అప్పకు,

గంగాలమ్మ ఆటోలో గంప పంపుతున్నాను. హేమకు ల్యాబులో పని ఒత్తిడిగా ఉందట, రాలేకపోయింది. ఈ ఉత్తరం పక్కింటి పిల్లాడు రాస్తున్నాడు. అది చెప్పిన జాగ్రత్తలు మాత్రం ఇవి. తడి గోనె తీయొద్దు. ఎండ తగలనివ్వొద్దు. నీడలో ఉంచి, విత్తే రోజున సాయంత్రం పూట చల్లి వెంటనే మట్టి కప్పేయాలి. ఎందుకని నేను అడగలేదు. చెప్పినా నాకు వినబడదు.

మోళ్ళ సంగతి అన్నావు. వంగి పీకడానికి నా నడుము ఒప్పుకోదప్పా. కొడవలితో నిలబడి కోసేదాన్ని. దాన్ని బద్ధకమంటావో, ముసలితనమంటావో నీ ఇష్టం. నువ్వు నాకంటే పెద్దదానివి కదా, నీ నడుము ఎలా వంగుతోందో నాకైతే ఆశ్చర్యమే. దిష్టి తీయించుకో.

గంప మాత్రం తిరిగి పంపు.

చిట్టమ్మ


పెందుర్తి
29 డిసెంబరు 2024

చిట్టమ్మకు,

నీ గంప తిరిగి పంపాను, అందే ఉంటుంది. నీ మట్టి గుణమూ తెలిసింది.

విత్తి నెల దాటింది. వచ్చి చూసుకో. మొలక బాగానే వచ్చింది, నాలుగాకులు వేసింది, అక్కడే ఆగిపోయి మళ్ళీ అదే పసుపు. అంచులు మాడి ముడుచుకుపోతున్నాయి. దొరబాబు గట్టు మీద నిలబడి చూసి, "ఇంకేటమ్మా, యార్డు వాళ్ళకి కబురెట్టేనా?" అన్నాడు. నేను గట్టు దిగి ఇంటికొచ్చేశాను. 

నా వల్ల లోపమేమీ జరగలేదని ముందే చెబుతున్నాను. రేపు నా మీదికి తోస్తావని తెలుసు. నీ గంప వచ్చినప్పుడు నాకూ నారాయణమ్మకూ ఒకేసారి అనుమానమొచ్చింది. తడి గోనె కప్పడమేమిటి? ఎండ తగలకూడదట, నీడలో దాచాలట, పొద్దువాలాక పూడ్చాలట. ఎండకు భయపడే వస్తువు ఏమిటో మనకు తెలియదా? మంచి మట్టి అయితే సూర్యుడికెందుకు దాక్కోవాలి?

మన అమ్మ ఏం చేసేది? మాటలు లేని ఇంటి నుంచి ఏది వచ్చినా నిప్పు చూపించకుండా గడప దాటనిచ్చేది కాదు కదా. నేనూ అదే చేశాను. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, పెద్ద మూకుడు ఎక్కించి, నీ మట్టినంతా వాయిలు వాయిలుగా శెనగలు వేయించినట్టు వేయించాను. మట్టి చిటపటలాడడం మానేవరకూ వదల్లేదు. ఉప్పు, పసుపు, ఎండుమిరపకాయలు కూడా వేశాను. ఘాటు రాలేదు, అంటే దిష్టి ఉన్నట్టే. చల్లారాక, నువ్వు చెప్పినట్టే సాయంత్రం చల్లి కప్పాను. ఇంత భక్తిగా చేసిన దానికి ఫలితం ఇదా?

నీ చేలో మంచి మట్టి నువ్వు ఉంచుకుని, గట్టు పక్కన పనికిరానిది తవ్వి పంపావు. నా చేను యార్డయిపోతే నాన్న భూమి నీ ఒక్కదాని దగ్గరే మిగులుతుంది. హేమ కూడా నీ దగ్గరే మిగులుతుంది. అదీ నీ లెక్క.

అసిరమ్మ


6 జనవరి 2025

అప్పకు,

ఈసారి నాకు నవ్వు రాలేదు, అందుకే ముందు హేమ రాస్తానంది.

అమ్మమ్మా, నేను హేమని. నీ ఉత్తరం చిన్నమ్మమ్మకు గట్టిగా చదువుతూ "వాయిలు వాయిలుగా" అన్నచోట ఆగిపోయాను. చిన్నమ్మమ్మ "ఏటే, ఏటైనాదే?" అంటే, "అమ్మమ్మ మట్టిని ఏపేసినాదే!" అన్నాను. తను నా మొహంలోకి చూసి, "మినుములా?" అంది. "మట్టి, మట్టి!" అని అరిచాను. పక్కింటివాళ్ళు వచ్చారు.

ఆ మట్టిలో ఉన్నవి ప్రాణాలు అమ్మమ్మా. మందు కాదు, మంత్రం కాదు. రైజోబియం అంటాం. మినుము వేరులోకి దూరి బుడిపె కట్టుకుంటాయి. గాలిలోని నత్రజనిని మొక్కకు తినే రూపంలోకి మార్చి పెడతాయి, మొక్క వాటికి తీపి పెడుతుంది. సీసం ఎక్కువైతే మామూలువి చచ్చిపోతాయి. బుడిపె కట్టేవాళ్ళు లేక మొక్క పస్తుంటుంది, పైగా సీసమంతా ఆకుల్లోకి ఎక్కుతుంది. అందుకే ఆ పసుపు. చిన్నమ్మమ్మ చేలో చచ్చినవి చావగా మొండివి కొన్ని మిగిలాయి. అవి సీసాన్ని తమ ఒంటికి అంటించుకుని వేరు దాటి పోకుండా చాలావరకు ఆపుతున్నాయి. ఎండకు ఎండిపోతాయనే గోనె కప్పించాను. నువ్వు వాటిని మూకుట్లో వేయించావు.

ఇంకో సంగతి, కోప్పడకు. వేళ్ళు చేలోనే వదిలేయడం వల్ల ఆ మొండివి ప్రతి ఏడాదీ మట్టిలోకి తిరిగి చేరాయి. నువ్వు బుడిపెలతో సహా పీకి తగలబెట్టావు. కారణం అదొక్కటే అని చెప్పలేను, కానీ అది పెద్ద కారణం. చిన్నమ్మమ్మ చేలో పండిన మినుములు కూడా ఎవ్వరూ తినడం లేదు. గింజలో ఎంత సీసముందో పరీక్షకు పంపాం.

ఇక ఇది నేను, చిట్టమ్మను. గట్టు పక్క మట్టి పంపానన్నావు. నా చేలో మొక్కలు అన్నిటికంటే ఏపుగా ఉన్న సాలు ఎంచి, మోకాళ్ళ నొప్పితో కూర్చుని, చేత్తో తవ్వాను. ఆ సాలు ఇప్పుడు బోడిగా ఉంది. నువ్వు నన్ను నమ్మకపోవడం నాకు కొత్త కాదు. మాటలు లేని ఇల్లు అని నా ఇంటిని అనడం మాత్రం కొత్త.

చిట్టమ్మ


పెందుర్తి
24 జనవరి 2025

చిట్టమ్మకు, దాంతోపాటు ఈ ఉత్తరం చదివే దొంగ మనవరాలికి,

ప్రాణమున్నవని చెప్పారా నాకు? గంప మీద రాశారా? రాసినా నాకు చదువు రాదు కదా, నోటితో చెప్పి పంపాలి. చేపలు బతికున్నాయో లేదో గంగాలమ్మ చెప్పి అమ్ముతుంది. మీరు ఇంతింత ప్రాణాలు పంపి, నీడలో ఉంచు అని ఊరుకుంటారా? ఇప్పుడు అన్ని ప్రాణాలు వేయించిన పాపం నాకు చుట్టారు. ఆ రోజు నుంచి శెనగలు వేయించడానికి కూడా చెయ్యి రావడం లేదు.

మొండివి బతుకుతాయట! మొండితనానికి ఈ పెందుర్తిలో నన్ను మించినదెవరు? నా చేలోవి చచ్చి, నీ చేలోవి బతకడమేమిటి? నీలాగే అవి కూడా మెత్తగా నవ్వుతూ లోపల మొండిగా ఉండే రకమై ఉంటాయి.

పైగా నీ మినుములు నువ్వే తినలేవట. తినలేని మినుముల మీద పడి ఇన్నాళ్ళూ ఏడ్చాను. నా ఏడుపు కూడా దండగైపోయింది.

పోయిన ఆదివారం హేమ వచ్చింది. తనే నీ మట్టి తెచ్చింది. విత్తనానికి బెల్లం నీళ్ళు పట్టించి, ఆ మట్టిని అంటించి, నీడన ఆరబెట్టి, బోరు పక్కన ఒక పట్టె మేర విత్తింది. నేను పక్కనే కూర్చుని చూశాను. మూకుడు అటకెక్కించేశాను, భయపడకు. చూస్తూ ఉంటే నా కడుపు ఇంకా మండింది. ఎందుకో చెప్పనా? ఆ పిల్ల మట్టిని రెండు వేళ్ళతో నలిపి వాసన చూసింది. అది నేర్పింది నేను కాదు. "ఇలాగెవరు సూడమన్నారే?" అని అడిగితే, "చిన్నమ్మమ్మ ఇలాగే సూస్తది" అంది. నాన్న అలా చూసేవాడు. నేను ఏనాడూ చూడలేదు, నువ్వు చూసి నేర్చుకున్నావు. ఇప్పుడు నా మనవరాలి చేతుల్లోకి అది నీ వైపు నుంచి వచ్చింది.

ఇది మింగుదామనుకునేసరికి ఇంకొకటి. నిన్న దొరబాబు బండి మీ ఇంటి ముందు ఆగి ఉందని గంగాలమ్మ చెప్పింది. నువ్వు వాడికి ఆకు వేసి అన్నం పెట్టావట. తమలపాకులు కూడా ఇచ్చావట. ఇప్పుడు నాకంతా తెలిసింది. మనవరాలైపోయింది, ఇక కొడుకు. నా చేను యార్డుకి ఇప్పించి, వాడితో కలిసి నువ్వేం పంచుకుంటావు?

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. రాస్తే మాత్రం బేగి రాయి.

అసిరమ్మ


18 ఫిబ్రవరి 2025

అప్పకు,

బేగి రాయమన్నావు, నాకే కుదరలేదు. నీకు ఎలా చెప్పాలో తెలియక రోజులు నెట్టాను.

దొరబాబు వచ్చిన మాట నిజం. నీ చేత వేలిముద్ర వేయించమని నన్ను బతిమాలడానికి వచ్చాడు. "పిన్నీ, నువ్వు సెప్తే అమ్మ ఇంటది" అన్నాడు. నాకు వినబడలేదేమోనని రెండుసార్లు అడిగాను. నా మాట నువ్వు వింటావని నీ కొడుకు నమ్ముతున్నాడు, చూశావా! అన్నం పెట్టకుండా ఎలా పంపను?

తిన్నాక చేలోకి తీసుకెళ్ళాను. వాడు తుఫాను తర్వాత నా చేను చూడలేదు. గట్టు దిగి సాలు వెంట చివరిదాకా నడిచి వచ్చాడు. తర్వాత మొన్న తనే మీ బోరు పక్క పట్టె చూసొచ్చి, మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు. పట్టె పచ్చగా ఉందట కదా. హేమ ఒక మొక్క పీకి బుడిపె కోసి చూపిస్తే లోపల రక్తంలా ఎర్రగా ఉందట. అలా ఎర్రగా ఉంటే అవి బతికి పని చేస్తున్నట్టేనట. వాడన్న మాట ఉన్నదున్నట్టు చెబుతున్నాను: "పిన్నీ, పట్టె పచ్చనైతే సేనంతా పచ్చనైనట్టు కాదు. అమ్మ మాట అమ్మ మీద ఉంది. కానీ సేను నువ్వు సేస్తానంటే ఒక ఏడాది యార్డు వాళ్ళని ఆపుతాను. అమ్మ సేతికిస్తే మాత్రం ఆపను. మళ్ళీ ఏళ్ళు పీకి తగలబెడతాది."

అప్పా, నేను సరేననలేదు. అది నీ చేను, నాన్న నీకిచ్చింది. నేను నీ చేలో నిలబడి కూలీలకు పని చెబుతుంటే నువ్వు గట్టు మీద నిలబడి చూడగలవా? నీ సంగతి నాకు తెలుసు. చూడలేవు. అందుకే రానని చెప్పాను.

రానంటే యార్డు వస్తుందన్నాడు.

ఇంక నువ్వే చెప్పాలి. గింజల పరీక్ష కూడా వచ్చింది. మొక్క వేరులో ఉన్నంత సీసం గింజలో లేదట, బాగా తక్కువేనట. అయినా ఇంకో పంట చూస్తే గాని తినొద్దంటోంది హేమ. ఇదంతా తనే రాస్తోంది, కళ్ళు తుడుచుకుంటూ రాస్తోంది. నేను కాదు ఏడిపించింది.

చిట్టమ్మ


పెందుర్తి
27 ఫిబ్రవరి 2025

చిట్టమ్మకు,

నారాయణమ్మను ఈ రోజు ఒక్క మాట కూడా తిప్పొద్దన్నాను. నేనే నెమ్మదిగా చెబుతున్నాను.

నీ ఉత్తరం విన్నాక నాలుగు రోజులు చేను వైపు పోలేదు. ఎందుకు పోలేదో నీకు తెలుసు. చేను పోతుందని కాదు. చేను ఉంటుంది గాని నీ చేతిలో ఉంటుంది. పోవడానికీ, నీ దగ్గర ఉండడానికీ మధ్య ఏది ఎక్కువ నొప్పో తేల్చుకోలేకపోయాను. రెండూ తూచి చూశాను, ముల్లు ఇటూ అటూ ఊగుతూనే ఉంది.

నిన్న యార్డు మనిషి కాగితాలు పట్టుకుని వచ్చాడు. దొరబాబు కుర్చీ వేశాడు. ఇంకుబిళ్ళ కూడా తెచ్చుకున్నారు. చేను దాకా నడవండి, ఆ తర్వాతే వేలు ఇస్తానన్నాను. నడిచారు. పసుపు మొక్కొకటి, పట్టెలో మొక్కొకటి పీకి వాళ్ళ ముందు పెట్టాను. పసుపుదాని వేరు బోసినోరులా ఉంది. రెండోదానికి బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. గోటితో ఒకటి చిదిపాను. ఎర్రగా కారింది. యార్డు మనిషి వెనక్కి జరిగి, "ఇదేటి, కేన్సరు గడ్డలాగుంది!" అన్నాడు.

"కేన్సరు కాదురా నాయనా," అన్నాను. "సీసం పీక పట్టుకుని కూర్చున్నవి ఇవి. వీటిని నమ్ముకుని ఈ నేల ఇంకా చావలేదు. దీని మీద సిమెంటు పోస్తావా?"

వాడు కాగితాలు మడిచాడు గాని వెళ్ళలేదు. దొరబాబు వైపు చూశాడు. దొరబాబు నా వైపు చూశాడు. పొరుగు చేలలో పనిచేసుకునేవాళ్ళు కూడా గట్టెక్కి చూస్తున్నారు. దొరబాబు అందరూ వినేలా అడిగాడు: "అయితే ఒక్క మాట సెప్పమ్మా. ఈ సేనుని పచ్చన సేసే సెయ్యి ఎవరిది? నీదా, పిన్నిదా?"

నాదే అందామని నోరు తెరిచాను.  నేను నాదంటే వాడు ఇంకుబిళ్ళ తెరిపిస్తాడు. అది వాడి కళ్ళల్లో కనబడుతోంది. అక్కడ హేమ కూడా ఉంది. ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది గాని, చెవులు నా వైపే ఉన్నాయి.

"దానిదే," అన్నాను.

వినబడలేదేమోనని మళ్ళీ అన్నాను. నీలాగ వాడికి చెవుడు లేదు, అయినా అన్నాను. "మా సిట్టిదే. దాని సెయ్యే మంచిది."

యార్డు మనిషి వెళ్ళిపోయాడు. దొరబాబు ఏడాది ఆగుతానన్నాడు. హేమ నన్ను కావలించుకుంది. నేను దాన్ని తోసేసి ఇంటికొచ్చి పడుకున్నాను. అన్నం సహించలేదు.

వేసవి పెసర వేద్దాం. బోరులో నీళ్ళున్నాయి. వచ్చే సోమవారం రా. దొరబాబు కారు పంపుతాడు, మోకాళ్ళు మడిచి ఆటోలో రాకు. కూలీలకు పని నువ్వే చెప్పు. నేను గట్టు మీద ఉంటాను. మొహం తిప్పుకుని ఉంటాను గాని ఉంటాను. కోత రోజు నా చేతికి కొడవలి ఇచ్చి పక్కన నిలబడు. నా చెయ్యి దానంతటదే మొక్కను వేరుతో లాగేస్తుంది. లాగినప్పుడు ఒక దెబ్బ వెయ్యి, పడతాను. అందరి ముందూ వేయకు.

మధ్యాహ్నానికి పులుసు వండుతాను. హేమకు వండుతున్నాను. నీకూ మిగులుతుంది.

దానిదే అన్న మాట హేమ చేత చదివించుకుని ఒకసారి విను, సంతోషించు. రెండోసారి చదివించుకోకు. చదివించుకుంటే నాకిక్కడ తెలిసిపోతుంది.

నీ అప్ప
అసిరమ్మ వేలిముద్ర